ఫైబర్ తీగ కరెంటు స్తంభం దాకా వచ్చింది, రైతు దాకా ఎప్పుడొస్తుంది?



ఈసారి జీవామృతం గురించి కాదు, నెట్టు గురించి మాట్లాడుకుందాం. ప్రకృతి వ్యవసాయానికీ ఇంటర్నెట్‌కీ ఏం సంబంధమని కొందరు అడుగుతా ఉంటారు. చాలా సంబంధం ఉంది. మందుల సేద్యం నెట్టు లేకపోయినా జరిగిపోతుంది. అంగడికి పోతే డబ్బా చేతిలో పెడతారు, ట్యాంకుకు ఎన్ని మిల్లీలీటర్లో కూడా ఆయనే చెప్తాడు. మనకట్లా కాదు. మన సేద్యంలో కొనేది తక్కువ, తెలుసుకోవాల్సింది ఎక్కువ. నీమాస్త్రం ఏ దశలో కొట్టాలి, రాలిన ఆకును ఎంత మందం కప్పాలి, వానలకు ముందు పొడి దుక్కిలో నవధాన్యాలు ఎప్పుడు చల్లాలి, ఇవన్నీ ఒకరు చేసింది ఇంకొకరు చూసి నేర్చుకోవాల్సిందే. పక్క రైతు యూరియా మూటకు పెట్టే డబ్బుకు బదులు మనం పెట్టేది సమాచారం. ఆ సమాచారం వచ్చే దారి బాగుంటేనే మన సేద్యం నిలబడుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఊరూరికీ తక్కువ ధరకు ఫైబర్ ఇవ్వాలని మన రాష్ట్రం చేసిన ఆలోచన మంచిది. దాన్ని మూలన పెట్టనివ్వకూడదు. అయితే రైతుకు కావాల్సింది చవక టీవీ చానళ్ళు కాదు. తెగితే అతికే మనిషి కావాలి, మన మాట బయటికి పంపే వేగం కావాలి. ఈ రెండింటి కోసం మనమే గట్టిగా అడగాలి.

149 రూపాయల కథ

కొత్తగా చూసేవాళ్ళ కోసం కొంచెం వెనక్కి పోదాం. ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ 2015లో పుట్టింది. మొదట చేసి చూపించిన ఊర్లలో అప్పటి తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామం ఒకటి. 2016 డిసెంబరులో అక్కడ ఇళ్ళకు ఫైబర్ ఇచ్చారు. ఏడాది తర్వాత, 2017 డిసెంబరు 27న, అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా రాష్ట్రమంతటికీ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలు, పన్ను అదనం. దానికే 15 ఎంబీపీఎస్ వేగంతో నెట్టు, 250 టీవీ చానళ్ళు, ఒక ఫోను. ఆ రోజుల్లో దేశంలో ఎవరూ ఇంత తక్కువకు ఈ మూడూ కలిపి ఇవ్వలేదు.

ఇంత తక్కువకు ఎట్లా కుదిరిందో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే మన బాధ అంతా అక్కడి నుంచే మొదలవుతుంది. నేల తవ్వి కేబుల్ పూడిస్తే వేల కోట్లు అవుతాయని లెక్క. వీళ్ళు నేల తవ్వలేదు. ఉన్న కరెంటు స్తంభాలకే కట్టుకుంటూ పోయారు. సబ్‌స్టేషన్ల దగ్గర పరికరాలు పెట్టి, అక్కడి నుంచి స్తంభాల మీద సుమారు 24,000 కిలోమీటర్లు తీగ లాగాలని పెట్టుకున్నారు. మొదటి దశ పని విలువ 333 కోట్లు. ఆఖరి వంద మీటర్లు, అంటే స్తంభం నుంచి ఇంటిదాకా, ఊర్లో కేబుల్ ఆపరేటర్‌కు అప్పజెప్పారు.

ఇది తెలివైన పనే. మన ఇంట్లో ఆవు ఉండగా అంగట్లో ఎరువు ఎందుకు కొనాలి అని మనం అంటాం చూడండి, అదే మాదిరి ఉన్న వనరునే వాడుకున్నారు. అందుకే ఈ పథకాన్ని ఎవరైనా ఎగతాళి చేస్తే నేను ఒప్పుకోను.

తీగ వేయడం వేరే, నడపడం వేరే

ప్రకృతి వ్యవసాయం మొదలుపెట్టిన ఏ రైతునైనా అడగండి. జీవామృతం ఒక్కసారి పోసి వదిలేస్తే నేల బాగుపడదు. పదిహేను రోజులకో ఇరవై రోజులకో పోస్తానే ఉండాలి. నెట్టు కూడా అంతే. తీగ లాగిన రోజు ఫోటో దిగుతారు, రిబ్బను కోస్తారు. ఆ తీగ మూడో వానాకాలంలో ఏమైందో చూసే నాథుడు ఉండడు.

స్తంభం మీద తీగకు ఉండే కష్టాలు మన పక్క రైతులకు చెప్పక్కర్లేదు. గాలివానకు యాప కొమ్మ విరిగి పడుతుంది. చెరుకు ట్రాక్టరు ఎత్తుగా లోడు వేసుకుని పోతే కిందికి వేలాడే తీగ తగులుకుంటుంది. కరెంటోళ్ళు స్తంభం మార్చేటప్పుడు దాని మీద ఉన్న ఫైబర్‌ను చుట్ట చుట్టి పక్కన పెట్టేస్తారు. పైన పెట్టిన వీడియోలో నాలుగో నిమిషం దగ్గర అట్లాంటి చుట్ట ఒకటి చూపించాను, చూడండి.

స్తంభం పడితే కరెంటూ పోతుంది, నెట్టూ పోతుంది. కరెంటు కోసం లైన్‌మేన్ ఉన్నాడు. ఆయన పేరు, నంబరు ఊర్లో అందరికీ తెలుసు. రాత్రి పది గంటలకు ఫోన్ చేసినా తిట్టుకుంటూనైనా వస్తాడు. ఫైబర్ తెగితే ఎవరికి చెప్పాలి? మా ఇంటికి ఉన్న ప్రైవేటు కనెక్షన్ పోయిన వేసవిలో పదకొండు రోజులు పనిచేయలేదు. ఆపరేటర్‌ను అడిగితే పైన తెగింది అంటాడు. పైవాళ్ళను అడిగితే మీ ఆపరేటర్‌ను అడగండి అంటారు. బిల్లు మాత్రం నెల నెలా తారీఖు తప్పకుండా వస్తుంది. ఇది ఒక్క కంపెనీ జబ్బు కాదు. పల్లెలో తీగ నడిపే అందరికీ ఉన్న జబ్బు.

ఫైబర్‌నెట్ విషయానికొస్తే, ఎనిమిదేళ్ళలో ఆ పేరు పేపర్లో పెద్ద అక్షరాల్లో వచ్చిందంటే ఎందుకు వచ్చింది? టెండర్ల మీద కేసులు, సిబ్బంది తొలగింపు గొడవలు, 2025 ఫిబ్రవరిలో చైర్మన్ రాజీనామా. ఏ పార్టీ ఒప్పు, ఏ పార్టీ తప్పు అనేది నా పని కాదు. ఆ వార్తల్లో ఎక్కడైనా ఫలానా మండలంలో తెగిన తీగను ఎన్ని గంటల్లో అతికించారు అని ఒక్క లైను ఉందా? నేనైతే చదవలేదు.

కేంద్రం ఈ పాఠం కొంత నేర్చుకున్నట్టుంది. పంచాయతీలన్నిటికీ ఫైబర్ ఇస్తామని 2011లో మొదలుపెట్టిన పథకమే ఇప్పటి భారత్‌నెట్. ఏళ్ళ తరబడి చాలా పంచాయతీల్లో పెట్టె ఉంది, నెట్టు లేదు అన్న పరిస్థితి. 2023 ఆగస్టులో 1,39,579 కోట్లతో దాన్ని మార్చి రాసినప్పుడు, మూడేళ్ళు నిర్మాణం, ఆ తర్వాత పదేళ్ళు నిర్వహణ కూడా అదే కాంట్రాక్టరు బాధ్యత అన్నారు. కాగితం మీద ఇది సరైన మాట. మన రాష్ట్రంలో అది ఎట్లా నడుస్తుందో కన్నేసి పెట్టాల్సింది మనమే.

మనకు దించుకోవడం కాదు, పంపడం ముఖ్యం

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నెట్టు వేగం అని ప్రకటనల్లో రాసేది డౌన్‌లోడ్ వేగం. అంటే బయటి నుంచి మన ఫోనుకు వచ్చేది. సినిమా చూడ్డానికి అది చాలు. మన దగ్గర నుంచి బయటికి పోయేది అప్‌లోడ్. దాని గురించి ఎవరూ మాట్లాడరు. 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని కొత్త నిర్వచనం ఇచ్చింది. అంతకుముందు అర ఎంబీపీఎస్ ఉంటే చాలనేవారు. కానీ ఆ నిర్వచనంలో కూడా డౌన్‌లోడ్ మాటే ఉంది.

లెక్క చూద్దాం. ఫోన్లో మంచి క్వాలిటీతో పది నిమిషాల వీడియో తీస్తే సుమారు 1.2 జీబీ అవుతుంది. అప్‌లోడ్ 2 ఎంబీపీఎస్ వస్తే అది పోవడానికి 80 నిమిషాలు. అదీ మధ్యలో ఒక్కసారి కూడా తెగకుండా ఉంటే. 20 ఎంబీపీఎస్ వస్తే 8 నిమిషాలు. కొండవారనున్న మా పొలం దగ్గర రెండు గీతల సిగ్నల్‌తో ఆ 2 కూడా రాదు. అందుకే మేము తీసిన వీడియోలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రేణిగుంటకో తిరుపతికో పోయి ఎక్కిస్తా ఉన్నాం.

యూట్యూబ్ ఒక్కటే అయితే సరదా అనుకోవచ్చు. మిగతా పనులు కూడా లెక్కేయండి.

పీజీఎస్ సర్టిఫికెట్ సంగతి మీకు తెలుసు. కనీసం అయిదుగురు రైతులు గుంపుగా చేరి, ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసి, ఆ వివరాలు పోర్టల్‌లో ఎక్కించాలి. మూడో మనిషికి వేలు పోయకుండా చిన్న రైతుకు దొరికే సర్టిఫికెట్ అదొక్కటే. దాని ప్రాణమంతా ఎక్కించడంలోనే ఉంది.

ఈ-పంట నమోదు, ఈ-కేవైసీ ఉన్నాయి. పొలంలో నిలబడి ఫోటో, వేలిముద్ర, ఓటీపీ. ఒక్క అడుగు ఆగితే పంట బీమా నుంచి నష్టపరిహారం దాకా అన్నీ ఆగిపోతాయి.

ఇక అమ్మకం. మాది గానుగ నూనె, దేశవాళీ బియ్యం, సీజన్లో మామిడి. తిరుపతి, చెన్నై ఇళ్ళకు నేరుగా పంపుతాం. 2025 వేసవిలో తోతాపురి రైతులకు ఏమైందో అందరూ చూశారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు ఇస్తే ప్రభుత్వం 4 కలుపుతుందని చెప్పాల్సి వచ్చింది. ఆ లైన్లో నిలబడకుండా బయటపడే దారి ఒక్కటే, తినే మనిషితో నేరుగా మాట్లాడ్డం. ఆయన తోట చూపించమంటాడు. వీడియో కాల్‌లో ఆకు కప్పిన పాదులు, కట్టేసిన ఆవు, పండే కాయ చూపిస్తే మళ్ళీ సర్టిఫికెట్ అడగడు. కాల్ మధ్యలో బొమ్మ ఆగిపోయిందనుకోండి, నమ్మకం కూడా అక్కడే ఆగిపోతుంది.

"జియో ఉంది గదా" అనే వాళ్ళకు

ఈ మాట చాలామంది అంటారు. నిజమే, 2016 సెప్టెంబరులో జియో వచ్చాక పల్లెలో ప్రతి చేతికీ డేటా వచ్చింది. ఆ మేలు కాదనలేం. కానీ మూడు సంగతులు మర్చిపోకూడదు. ఒకటి, టవరు నుంచి వచ్చే గాలి సిగ్నల్‌ను ఊరంతా పంచుకోవాలి. సాయంత్రం ఏడు తర్వాత ఏమవుతుందో మీకు తెలుసు. రెండు, శేషాచలం కొండల వార ఉన్న పల్లెలకు కొండే అడ్డం. మూడు, ధర మన చేతిలో లేదు. 2024 జులైలో పెద్ద కంపెనీలు మూడూ ఒకే వారంలో రేట్లు పెంచాయి. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే నాలుగు రీఛార్జులు. ఒక్క ఫైబర్ కనెక్షన్ వస్తే ఇల్లంతా, వాకిలంతా వాడుకోవచ్చు.

ఇంకో మాట. మా రేణిగుంట విమానాశ్రయం పక్కన, వికృతమాల దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలున్నాయి. ఏర్పేడులో ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది. దేశానికి టీవీలు చేసి పంపే చోటికి కూతవేటు దూరంలో పిల్లలు సిగ్నల్ కోసం మిద్దె ఎక్కుతా ఉన్నారు. పరిశ్రమకు వేసిన మంచి తీగను పది కిలోమీటర్లు పల్లెలోకి లాగడం ఏమంత పెద్ద పని?

"నెట్టు వస్తే చెడిపోతారు" అనే పెద్దలకు

మనలోనే కొందరు పెద్ద రైతులు ఈ మాట అంటారు. నేను వాళ్ళను తోసిపుచ్చను. యూట్యూబ్‌లో ప్రకృతి వ్యవసాయం పేరుతో అబద్ధాలు ఎన్ని తిరుగుతున్నాయో నాకు తెలుసు. ఎకరాకు అయిదు లక్షలు అంటాడొకడు, ఆయన అమ్మే సీసా కొంటేనే అంటాడు. డిప్లొమా చదివిన నాకే కొన్నిసార్లు ఏది నిజమో తేల్చుకోవడానికి టైము పడుతుంది.

కానీ ఆ వీడియోలు మన దాకా రావడానికి పెద్ద వేగం అక్కర్లేదు. అవి ఇప్పటికే వస్తా ఉన్నాయి. రానిదల్లా మన ఊరి నిజం బయటికి పోవడమే. మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం పెరిగిన తీరు గుర్తు చేసుకోండి. రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టినప్పుడు, చేసి చూపించిన రైతునే పక్క ఊరికి పంపి నేర్పించింది. డిజిటల్ గ్రీన్ వాళ్ళతో కలిసి ఊరి రైతులతోనే చిన్న వీడియోలు తీసి, చేతిలో పట్టే ప్రొజెక్టర్‌తో మహిళా సంఘాల మీటింగుల్లో వేశారు. నెట్టు లేని ఊర్లలో కూడా అవి ఎందుకు పనిచేశాయి? తెర మీద కనపడేది మనలాంటి మనిషి, మన యాస, మన మట్టి. అబద్ధానికి మందు అదే. మన అక్కలు తమ కయ్యలో నిలబడి తీసిన అయిదు నిమిషాల వీడియో అదే రోజు ఎక్కగలిగితే, సీసా అమ్మేవాడి మాట ఎవరు వింటారు?

వేరే చోట్ల ఎట్లా చేశారు

కేరళ 2023 జూన్ 5న కేఫాన్ మొదలుపెట్టింది. వాళ్ళు కూడా కరెంటు బోర్డు లైన్లనే వాడుకున్నారు, అసలు ఆ కంపెనీలో కరెంటు బోర్డే భాగస్వామి. స్తంభం, తీగ ఒకే ఇంటివాళ్ళవి అయితే ఒకరి మీద ఒకరు చెప్పుకోవడం తగ్గుతుంది. పేద కుటుంబాలు 20 లక్షలకు ఉచితంగా ఇస్తామన్న లక్ష్యం పెద్దది, చేరడం ఆలస్యమవుతా ఉంది. తెలంగాణ 2024 డిసెంబరులో టీ-ఫైబర్‌ను కొన్ని ఊర్లలో మొదలుపెట్టింది, నెలకు 300 రూపాయలకు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇంగ్లండ్ కథ. అక్కడ లాంకషైర్ పల్లెల్లో పెద్ద కంపెనీలు గిట్టుబాటు కాదని తీగ వేయలేదు. 2011లో రైతులు, ఊరివాళ్ళు కలిసి బీ4ఆర్‌ఎన్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ పేరును వాళ్ళు బార్న్ అని పలుకుతారు, అంటే మన కొష్టం. ఎవరి పొలంలో వాళ్ళు కాలువ తవ్వి తీగ వేసుకున్నారు, దారికి డబ్బు అడగలేదు. కొందరు తవ్విన కూలికి బదులు సంఘంలో వాటాలు తీసుకున్నారు. ఇప్పుడు ఆ పల్లెల్లో వచ్చేదీ పోయేదీ రెండూ 1,000 ఎంబీపీఎస్. మనకూ వాళ్ళకూ డబ్బులో పోలిక లేదు. కానీ పొలం మనది, దారి మనది, చేతులు మనవి అన్న ఆలోచన మనకు కొత్తదేం కాదు. వంక పూడిక మనం తీసుకోలేదా?

మనం ఏం అడగాలి

ఉచితంగా ఇవ్వమని నేను అడగను. ఉచితం అంటే పాడైనప్పుడు అడిగే హక్కు కూడా పోతుంది. నా లెక్క ప్రకారం నాలుగు అడగాలి.

మొదటిది, ప్రతి రైతు సేవా కేంద్రంలో, ప్రతి సచివాలయంలో పనిచేసే ఫైబర్, దాని మీద రైతులకు వైఫై. ఆఫీసు మూసేశాక కూడా అరుగు మీద కూర్చుని వాడుకునేటట్టు ఉండాలి. మన పని సాయంత్రమే గదా అయ్యేది.

రెండోది, ఆ వైఫై నడిపే పని మహిళా సంఘాలకు ఇవ్వాలి. కేంద్రం 2020 డిసెంబరులో పీఎం-వాణి అని ఒక పద్ధతి తెచ్చింది. టీ అంగడి అయినా, సంఘం అయినా లైసెన్సు లేకుండా వైఫై పెట్టి చిన్న చిన్న ప్యాకులు అమ్ముకోవచ్చు. వెనకాల కనెక్షన్‌కు కంపెనీలు వ్యాపార రేట్లు అడగడంతో అది కుంటుపడింది. 2025 జూన్‌లో ట్రాయ్ ఆ రేటుకు పరిమితి పెట్టింది. ఇళ్ళకు ఇచ్చే ప్లాను ధరకు రెండింతలు మించి తీసుకోకూడదని. దారి తెరుచుకుంది. కషాయాల అంగడి నడిపే అక్కలకు వైఫై పెట్టె నడపడం కష్టమేం కాదు.

మూడోది, తెగిన తీగకు గడువు. ఏ ఊర్లో ఎప్పుడు తెగింది, ఎప్పుడు అతికింది అని సచివాలయం బోర్డు మీద రాయాలి. గడువు దాటితే ఆ రోజులకు బిల్లు తీసేయాలి. లైన్‌మేన్ స్తంభం ముట్టుకునే ముందు ఫైబర్ మనిషికి చెప్పే పద్ధతి ఉండాలి.

నాలుగోది, ప్లాను కాగితం మీద అప్‌లోడ్ వేగం కూడా అచ్చు వేయాలి. చానళ్ళు వద్దనే ఇంటికి నెట్టు మాత్రమే తక్కువకు ఇవ్వాలి.

మన వంతు కూడా ఉంది. మన గట్టు మీద తీగకు తగిలే కొమ్మలు మనమే కొట్టుకుందాం. ట్రాక్టరు లోడు ఎత్తు చూసుకుందాం. తెగిన చోటు ఫోటో తీసి గుంపులో పెడదాం.

ఇదంతా ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, వచ్చే అయిదేళ్ళలో సర్టిఫికెట్, బీమా, అమ్మకం, డబ్బు అన్నీ ఆ తీగ మీదే నడుస్తాయి. తీగ ఉన్న రైతుది ఒక ధర, లేని రైతుది ఇంకో ధర అవుతుంది. మందులు మానేసి నేలను బాగు చేసుకున్న రైతు, సిగ్నల్ లేక దళారికి అమ్ముకుంటే ఆ కష్టానికి అర్థం లేదు.

ఈ నెల గ్రామసభకు పోయినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: మన ఊరి ఫైబర్ ఎక్కడిదాకా వచ్చింది, తెగితే ఎవరు బాధ్యులు? వాళ్ళు చెప్పిన జవాబు, మీ ఊరి పేరు, మీ దగ్గర వచ్చే అప్‌లోడ్ వేగం కామెంట్లో రాయండి. అన్నీ ఒక చోట చేర్చి కలెక్టరేట్‌లో ఇద్దాం. సిగ్నల్ లేక రాయలేని వాళ్ళ తరఫున, పక్కనున్న మీరు రాయండి.

వచ్చే వారం వానలకు ముందు నవధాన్యాల విత్తనాలు కలిపే వీడియోతో కలుద్దాం. అప్‌లోడ్ అయితే!